చేతికి మసి అంటితే చదువు చెడదు



'బ్రేకు'కు సరియైన తెలుగు మాట ఏదని ఆ మధ్య ఇద్దరు పండితులు మా అరుగు మీద గంటసేపు వాదించుకొన్నారు. 'గతిరోధకం' అన్నారొకరు, 'నిరోధిని' అన్నారింకొకరు. ఆ అరుగునే ఆనుకొని ఉన్న సైకిలు బ్రేకు పడుతుందో లేదో మాత్రం ఎవరూ నొక్కి చూడలేదు. మాట మనది, పని మరొకడిది! ఈ బుద్ధి మీదనే నా ఫిర్యాదు. నేనూ పండితుణ్ణే కనుక మొదటి ముద్దాయిని నేనే.

మా నూజివీడు 2022లో కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాకు మారింది గాని, ఊళ్ళ దారుల వాలు మారలేదు. వేసవి సెలవులలో పిల్లల సైకిళ్ళు వసారాల్లో, మామిడిచెట్ల కింద పడి ఉంటాయి. ఎండకు బ్రేకు రబ్బర్లు గట్టిపడతాయి, కీళ్ళు తుప్పు పడతాయి. జూన్‌లో బడులు తెరిచేసరికి తొలకరి వస్తుంది. తడిసిన ఇనుప రిమ్ము మీద మంచి బ్రేకుకే పట్టు తగ్గుతుంది.

నా ఉద్యోగపు చివరి ఏళ్ళలో అటువంటి ఒక ఉదయం, తొమ్మిదో తరగతి బాలిక ఒకతె వాలులో ఆగలేక, కలెక్టరు కాయల ట్రాక్టరును తప్పించబోయి కాలువలో పడింది. మణికట్టు విరిగింది. ముందురోజే ఆమె "మాస్టారూ, బ్రేకు పడటం లేదండీ" అన్నది. "ఆదివారం మీ నాన్నను షాపుకు తీసుకెళ్ళమను" అని నేను సంధుల పాఠంలోకి వెళ్ళిపోయాను. నా సొరుగులోనే పానా ఉన్నది. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు నేనింకా బాకీ.

ఏమిటా బ్రహ్మవిద్య? కడ్డీ బ్రేకయితే, కడ్డీలు కలిసేచోట నట్టు సడలించి, రబ్బర్లను రిమ్ముకు రెండు మూడు మిల్లీమీటర్ల దూరానికి జరిపి బిగించాలి. వైరు బ్రేకయితే, వైరును పట్టిన నట్టు సడలించి, వైరు కాస్త లాగి బిగించాలి. చక్రమెత్తి తిప్పితే రబ్బరు రాసుకోరాదు. పిడి నొక్కితే అది హ్యాండిలుకు ఆనకముందే చక్రం నిలవాలి. అరిగిన రబ్బర్లు జతగా మార్చాలి. నూనె కీళ్ళకే, రిమ్ముకు, రబ్బరుకు చుక్క కూడా తగలరాదు. సమాసం విడదీయగల పిల్లకు ఇది కష్టమా?

"మెకానిక్కు పొట్ట కొడతారా?" అంటారు. చక్రం వంకర తీయడం, బేరింగులు మార్చడం అతని విద్యే. అక్కడ అతనికి దండం పెడతాను. "చదువుకొనే ఆడపిల్లకు మసి ఎందుకు?" అంటారు. ఈ మాటకే నాకు కోపం. 1990ల ఆరంభంలో తమిళనాడులోని పుదుక్కోట అక్షరాస్యతా ఉద్యమంలో వేలాది స్త్రీలు అక్షరంతోబాటు సైకిలూ నేర్చుకొన్నారు. మన రాష్ట్రంలో 2017 ప్రాంతంలో 'బడికొస్తా' పేరుతో ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్ళిచ్చారు. మంచిదే. ఆ సైకిలును ఆపే విద్య ఎవరు నేర్పుతారని ఉపాధ్యాయులమైన మనం ఒక్కనాడైనా అడిగామా? సాగిపోవడం నేర్పి ఆగడం నేర్పకపోతే అది సగం చదువే.

బడి తెరిచిన మొదటి రోజు ఒక్క పీరియడు దీనికి ఇవ్వండి. మా మండలంలో ఎవరు పిలిచినా పానా నేనే తెస్తాను. కాదనేవారు కారణం చెప్పండి, వింటాను. ముందు మాత్రం లేచి, మీ ఇంటి సైకిలు బ్రేకు ఒక్కసారి నొక్కి చూసి రండి.