చెవికి తగిన రబ్బరు

కాలికి చెప్పులు కొనేటప్పుడు మనం ఒకటికి రెండుసార్లు తొడిగి చూస్తాం. నాలుగడుగులు నడుస్తాం. వేలు నొక్కుకుంటే ఇంకో నంబరు తెమ్మంటాం. కాని గంటల తరబడి చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్‌ను మాత్రం రంగు చూసి, ధర చూసి, జేబులో వేసుకుని వచ్చేస్తాం. దాని కొనకు తొడిగిన చిన్న రబ్బరు మన చెవికి సరిపోతుందా లేదా అని చూసేవాళ్ళు చాలా తక్కువ. పెట్టెలో దానితోపాటు వచ్చిన మిగతా రబ్బర్లు పెట్టెలోనే ఉండిపోతాయి.

ఇంత చిన్న రబ్బరు సంగతి డాక్టరుకెందుకని మీరు అడగవచ్చు. రబ్బరు సరిపోని చెవికి పాట పలుచగా వినిపిస్తుంది. పలుచగా వినిపిస్తే సౌండు పెంచుతాం. అలా పెంచి విన్న సౌండు కొన్నేళ్ళకు వినికిడిని తినేస్తుంది. ఆ విధంగా పోయిన వినికిడి మందులకు తిరిగి రాదు. కనుక ఇది డాక్టరు చెప్పవలసిన విషయమే.

బస్సులో పాట

మా గార్లదిన్నె మీదుగా హైదరాబాదు - బెంగుళూరు రోడ్డు పోతుంది. ఉదయంపూట అనంతపురం కాలేజీలకు బస్సెక్కే పిల్లల్లో చెవిలో ఇయర్‌ఫోన్ లేనివాళ్ళు అరుదు. ఇంజను రొద, హారన్ల మోత, కిటికీలో నుంచి కొట్టే గాలి. వీటన్నిటినీ దాటి పాట వినబడాలంటే సౌండు పెంచక తప్పదు. ఒకరోజు బస్సులో పెట్టుకున్న సౌండును తగ్గించకుండా అలాగే ఉంచి, ఇంటికి వచ్చాక ఇయర్‌ఫోన్‌ను చెవికి కాస్త దూరంగా పట్టుకుని వినమనండి. తాము రోజూ ఎంత మోత వింటున్నారో వాళ్ళకే తెలుస్తుంది.

ఈమధ్య ఒక కుర్రాడు ఓ.పి.కి వచ్చాడు. "సార్, రాత్రి పండుకుంటే చెవుల్లో గుయ్ అంటాంది" అన్నాడు. చెవులు చూశాను. చీము లేదు, కర్ణభేరి బాగానే ఉంది. రోజుకు నాలుగైదు గంటలు పాటలు వింటాడట, ఫోనులో సౌండు చివరిదాకా పెట్టి. మరునాడు ఇయర్‌ఫోన్‌ను పెట్టెతో సహా తెమ్మన్నాను. అతడి చెవికి పెద్ద రబ్బరు కావాలి. కొన్నప్పుడు దానికి ఉన్న మధ్య సైజు రబ్బరుతోనే అంతకాలమూ లాక్కొచ్చాడు. పెద్దది తొడిగించి, సౌండు బాగా తగ్గించి, అదే పాట పెట్టమన్నాను. సగం కూడా పెంచకుండానే "ఇప్పుడే బాగా వినపడతాంది సార్" అన్నాడు. కొత్తది కొనే పని లేకపోయింది. అయితే చెవిలో మోత మాత్రం రబ్బరు మార్చినంతలో పోదు కదా. వినికిడి పరీక్ష చేయించుకోమని అనంతపురం పంపాను.

చెవి లోపల ఏముంది?

పెద్దవాళ్ళలో చెవి రంధ్రం నుంచి కర్ణభేరి వరకు ఉన్న కాలువ పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. అది తిన్నగా ఉండదు, కొంచెం వంకర తిరిగి ఉంటుంది. బయటి మూడో వంతు మెత్తని మృదులాస్థి. లోపలి రెండు వంతులు ఎముక. ఎముక మీద చర్మం చాలా పలుచన. అందుకే రబ్బరు మరీ లోపలికి దిగితే నొప్పి పుడుతుంది. అది బయటి మెత్తని భాగంలో కుదురుకోవాలి.

ఈ కాలువ వెడల్పు మనిషి మనిషికీ వేరు. ఒకే మనిషికి కుడి చెవి ఒక తీరు, ఎడమ చెవి ఒక తీరు ఉండవచ్చు. కుడిపక్క మధ్య సైజు, ఎడమపక్క చిన్న సైజు వాడితే తప్పేమీ లేదు.

కర్ణభేరికి ఆవల, నత్త గుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియాలో వినికిడి కణాలుంటాయి. ఒక్కో చెవిలో సుమారు 15,000. శబ్దాన్ని నాడికి అందించేవి ఇవే. పెద్ద మోతకు ముందుగా చచ్చేవీ ఇవే. చర్మం తెగితే మళ్ళీ అతుక్కుంటుంది. ఎముక విరిగితే కట్టు కడితే అతుకుతుంది. మనిషిలో ఈ కణాలు మాత్రం మళ్ళీ పుట్టవు.

రబ్బరు సరిపోయిందని ఎలా తెలుసుకోవాలి?

ముందు పెట్టుకునే పద్ధతి నేర్చుకోండి. కుడి చెవికి పెట్టేటప్పుడు ఎడమ చేతిని తల వెనుకగా తెచ్చి చెవి డొప్పను పైకి, వెనక్కి మెల్లగా లాగండి. కాలువ వంకర కాస్త తిన్నగా అవుతుంది. అప్పుడు కుడి చేత్తో ఇయర్‌ఫోన్‌ను కొద్దిగా తిప్పుతూ పెట్టండి. బలవంతంగా తోయకండి. తరువాత ఈ నాలుగు పరీక్షలు చేయండి.

ఒకటి: పాట పెట్టకుండా మాట్లాడి చూడండి. కుండలో తల పెట్టి మాట్లాడినట్టు మీ గొంతు మీకే బరువుగా వినిపిస్తే చెవి బాగా మూసుకున్నట్టు. బయటి ఫ్యాను చప్పుడు కూడా తగ్గాలి.

రెండు: మృదంగం గాని, తబలా గాని, డోలు గాని ఉన్న పాట తక్కువ సౌండులో పెట్టండి. మృదంగంలో ఎడమవైపు పలికే బరువైన నాదం నిండుగా రావాలి. రబ్బరు పక్కన సందుంటే మొదట జారిపోయేది ఆ బరువైన నాదమే. తాళాలు, వయొలిన్ మాత్రం మిగిలి, పాట రేకు డబ్బాలో మోగినట్టుంటుంది. చాలామంది ఇయర్‌ఫోన్ మంచిది కాదని దాన్ని పారేస్తారు. దోషం చాలాసార్లు ఆ సందులో ఉంటుంది.

మూడు: నోరు తెరిచి మూయండి, నమిలినట్టు దవడ ఆడించండి, తల అటూ ఇటూ తిప్పండి. జారిపోతే ఒక సైజు పెద్దది చూడండి.

నాలుగు: అరగంట పెట్టుకోండి. నొప్పిగాని, బిగువుగాని, మంటగాని ఉంటే ఒక సైజు చిన్నది చూడండి. "అలవాటైతే అదే పోతుంది" అనుకోవద్దు. కొందరికి చెవిలో ఏది పెట్టినా దగ్గు వస్తుంది. గొంతుకు, ఊపిరితిత్తులకు పోయే వేగస్ నాడి శాఖ ఒకటి చెవి కాలువ చర్మానికి కూడా ఉండడమే దీనికి కారణం. అలాంటివాళ్ళు చెవి పైన ఆనించుకునే రకం వాడడం మంచిది.

రబ్బరు మార్చిన రోజు పాత సౌండునే పెట్టి వినకండి. సందు మూసుకుంటే అదే సౌండు చెవికి ఇంకా ఎక్కువగా తగులుతుంది. బాగా తగ్గించి, కొంచెం కొంచెంగా పెంచుకోండి.

సిలికానా? స్పాంజా?

మామూలుగా వచ్చేవి సిలికాన్ రబ్బర్లు. ఇవి కడుక్కోవచ్చు, చాలాకాలం మన్నుతాయి. పెట్టెలోని ఏ సైజూ కుదరకపోతే స్పాంజి రకం ఉంది. దాన్ని వేళ్ళ మధ్య నలిపి సన్నగా చేసి, చెవిలో పెట్టి, అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి. అది మెల్లగా ఉబ్బి కాలువ ఆకారానికి సర్దుకుంటుంది. బయటి మోతను బాగా ఆపుతుంది. అయితే చెమటను, గులిమిని పీల్చుకుని త్వరగా పాడవుతుంది. కొన్ని నెలలకొకసారి మార్చాలి.

విడిగా కొనేటప్పుడు రబ్బరు లోపలి రంధ్రం మీ ఇయర్‌ఫోన్ గొట్టానికి బిగుతుగా పట్టాలి. వదులుగా ఉంటే తీసేటప్పుడు రబ్బరు చెవిలోనే ఉండిపోతుంది. అలా జరిగితే పిన్నీసుతోనో, అగ్గిపుల్లతోనో కెలకవద్దు. అది ఇంకా లోపలికి పోతుంది. డాక్టరు సరైన పరికరంతో త్వరగానే తీసేస్తారు.

అసలు చెవి కాలువను మూసే ఇలాంటి ఇయర్‌ఫోన్లు బాగా ప్రచారంలోకి వచ్చింది వినికిడి పరీక్షల ద్వారానే. అమెరికాలో మీడ్ కిలియన్ అనే వినికిడి శాస్త్రజ్ఞుడు 1983లో ఎటిమోటిక్ రీసెర్చ్ అనే సంస్థను స్థాపించి పరీక్షల కోసం ఇలాంటివి తయారు చేశారు. బయటి చప్పుడు ఆగితేనే రోగికి సన్నని శబ్దం వినబడిందో లేదో తేలుతుంది. ఆ సంస్థే 1991లో సంగీతం కోసం ఇ.ఆర్.-4 అనే రకాన్ని తెచ్చింది. కనుక దాని పుట్టుకలోనే ఉన్న సూత్రం ఇది: బయటి మోత ఆపితే చిన్న శబ్దమే చాలు.

మీ ఇంట్లో తాతగారికి చెవి మిషను ఉంటే ఈ సూత్రం మీకు ముందే తెలిసి ఉంటుంది. అది 'కూయ్' మని అరుస్తుంది చూశారా? చాలాసార్లు చెవిలోని అచ్చు వదులై, పక్కనుంచి శబ్దం బయటికి కారి మళ్ళీ మైకులోకి పోవడం వల్లనే ఆ కూత. మిషను పాడైందని పక్కన పడేసే ముందు అచ్చు మార్పించండి.

ఎంత సౌండు? ఎంతసేపు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళు 80 డెసిబెల్స్ సౌండును వారానికి 40 గంటలు వినవచ్చు. పిల్లలకు 75 డెసిబెల్సే. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగేసరికి వినదగిన సమయం సగమవుతుంది. 90 దగ్గర వారానికి 4 గంటలే. 100 దగ్గర వారమంతటికీ కలిపి 20 నిమిషాలే. డెసిబెల్స్ కొలిచే సాధనం మన దగ్గర ఉండదు కనుక ఒక తేలిక గుర్తు పెట్టుకోండి. ఫోనులో సౌండు గీత నూటికి అరవై దాటనివ్వకండి. గంటకొకసారి తీసి చెవికి విశ్రాంతి ఇవ్వండి. సౌండుకు హద్దు పెట్టే ఏర్పాటు చాలా ఫోన్లలో ఉంది. పిల్లల ఫోనులో దాన్ని మీరే పెట్టండి.

విన్న తరువాత చెవులు దిమ్మెక్కినా, గుయ్ మన్నా ఆ రోజు హద్దు దాటారన్నమాట. ఆ మోత రోజూ వస్తున్నా, ఎదుటివాళ్ళ మాట రెండుసార్లు చెప్పించుకోవలసి వస్తున్నా వినికిడి పరీక్ష చేయించుకోండి. ఉన్నట్టుండి ఒక చెవి వినబడకుండా పోతే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి. మొదటి రోజుల్లో వైద్యం అందితేనే వినికిడి తిరిగివచ్చే అవకాశం ఎక్కువ.

శుభ్రం సంగతి

మా అనంతపురం గాలి ఎండినది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ప్రాంతం. కాని గంటల తరబడి రబ్బరు బిగించిన చెవిలో మాత్రం కోస్తా ఉక్కపోతే. ఆ తడికి దురద, బూజు, చీము వస్తాయి. సిలికాన్ రబ్బర్లను వారానికి ఒకసారి ఊడదీసి, సబ్బు నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరిన తరువాతే తొడగండి. తలస్నానం చేసిన వెంటనే పెట్టుకోకండి. అన్నదమ్ములైనా, స్నేహితులైనా ఒకరిది ఒకరు వాడవద్దు.

గులిమి మురికి కాదు. చెవి చర్మానికి అది రక్షణ. మనం నమిలినప్పుడల్లా అది తనంతట తానే బయటికి జరుగుతుంది. రబ్బరు దాన్ని లోపలికి నెడుతుంది. చెవి దిబ్బడ వేస్తే తాళంచెవితో గోకడం, కాచిన నూనె పోయడం మానుకుని డాక్టరుకు చూపించండి.

చెవిలో చీము కారేవాళ్ళు, కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్ళు, చెవి ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టరు చెప్పేదాకా ఇవి వాడకూడదు. షుగరు ఉన్నవాళ్ళు చెవి నొప్పిని నిర్లక్ష్యం చేయరాదు. చెవి బయటి కాలువలో మొదలైన చీము వాళ్ళలో ఎముకదాకా పాకే ప్రమాదం ఉంది. చిన్నపిల్లల చెవి కాలువ ఇరుకు. వాళ్ళకు చెవి పైన ఆనించే రకమే మేలు.

చివరగా ఒక మాట. రబ్బరు బాగా సరిపోయిందంటే బయటి చప్పుడు వినబడదని అర్థం. గదిలో అది వరం. రోడ్డు మీద, రైలు పట్టాల దగ్గర అదే ప్రాణాంతకం. మా ఊరి పక్కన రైలు పట్టాలూ ఉన్నాయి, రాత్రింబగళ్ళు లారీలు తిరిగే రోడ్డూ ఉంది. బండి నడిపేటప్పుడు, పట్టాలు దాటేటప్పుడు రెండు చెవులూ ఖాళీగా ఉండాలి.

బీరువాలోనో, సొరుగులోనో ఆ ఇయర్‌ఫోన్ పెట్టె ఉండే ఉంటుంది. ఈ ఆదివారం వెతికి, ఆ రబ్బర్లు బయటికి తీసి, ఇంట్లో ఇయర్‌ఫోన్ వాడే ప్రతి ఒక్కరి చేత ఆ నాలుగు పరీక్షలూ చేయించండి. దీనికి ఖర్చేమీ లేదు. పది నిమిషాలు చాలు.