ఆర్డరు తల్లి చేతిలో, బిడ్డ ఎవరింట్లో?

కులాంతరం చేసుకున్న మన పిల్లను గెంటేస్తారు, ఆమె కడుపున పుట్టిన బిడ్డను మాత్రం ఉంచుకుంటారు. ఆమె కోర్టుకెక్కి గెలుస్తుంది. బిడ్డను అప్పగించమన్న కాగితం కొంగున ముడేసుకుని స్టేషనుకు పోతే ఎస్సై ఏమంటాడు? "ఇది సివిల్ మేటర్, కోర్టుకే పో." కోర్టు అమీనా ఊళ్ళోకొచ్చి పెద్దింటి అరుగు మీద కాఫీ తాగి, "బిడ్డ ఇంట్లో లేదు" అని రాసుకుపోతాడు. కూలి పోయింది, బస్సు ఛార్జీలు పోయాయి, బిడ్డ రాలేదు.

అయ్యా, మీకు సంబంధం లేదని ఏ చట్టం చెప్పింది? 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 25వ సెక్షన్ కింద బిడ్డను తిరిగి అప్పగించమనే అధికారం, అందుకు వారెంటు ఇచ్చే అధికారం కోర్టుకున్నాయి. వారెంటు వచ్చాక కదలాల్సింది పోలీసులే. ఉత్తర్వును ధిక్కరిస్తే 45వ సెక్షన్ జరిమానా 100 రూపాయలు, ఆపైన రోజుకు 10, మొత్తం 500 దాటకూడదు. పెత్తందారుకు అది చుట్టల ఖర్చు! కానీ బిడ్డను తెస్తానని ఒప్పుకునేదాకా సివిల్ జైల్లో పెట్టవచ్చని కూడా అదే సెక్షన్ చెబుతోంది. ఆ రెండో ముక్క ఎవరికీ కనపడదు.

అసలు అన్యాయం ఆలస్యంలో ఉంది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం ఐదేళ్ళు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. అధికారులు నాన్చితే ఆ ఐదేళ్ళూ నిండిపోతాయి. అప్పుడు వాళ్ళే కోర్టుకొచ్చి, "బిడ్డ మాకు అలవాటయింది, తల్లిని గుర్తుపట్టదు" అంటారు. మరిపించిందెవరు? జడ్జి ఇచ్చిన తీర్పును ఎస్సై బద్ధకం కొట్టేసినట్టే కదా!

బిడ్డ జప్తు సామాను కాదు. ఏడుస్తున్న పిల్లను లాఠీలతో ఈడ్చుకురమ్మని మేం అనడం లేదు. పగటిపూట, మామూలు బట్టల్లో, ఆడ కానిస్టేబులునూ బాలల సంరక్షణ అధికారినీ వెంటబెట్టుకుని వెళ్ళమంటున్నాం. నచ్చజెప్పడానికి ఎంతసేపైనా పట్టనీ. వెళ్ళకపోవడానికి మాత్రం అది సాకు కాకూడదు.

అక్కల్లారా, అన్నల్లారా! ఆ తల్లిని స్టేషనుకు ఒంటరిగా పంపొద్దు. ఆర్డరు నకలు ఇచ్చి రసీదు తీసుకోండి. సాయం చేయం అంటే ఆ మాటే రాసివ్వమనండి. ఆర్డరు అమలుకు కోర్టులో పిటిషన్ వేసి, పోలీసు సాయం అడగండి. ఆడవాళ్ళకూ, ఎస్సీ ఎస్టీలకూ 1987 న్యాయసేవల చట్టం కింద ఆదాయంతో పనిలేకుండా ఉచిత వకీలు దొరుకుతారు. అయినా కదలకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ ఉంది. బిడ్డల కస్టడీకీ అది చెల్లుతుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది.

తీర్పు రాయడం జడ్జి పని. దాన్ని తల్లి గడపదాకా తేవడం అధికారి పని. వాళ్ళు తీసుకునే జీతంలో మన కూలి పైసలూ ఉన్నాయి.