గాజుపళ్ళెంలో మొండికేసే కణం

కోసిన కాలేయం మళ్ళీ మొలుస్తుందన్న మాట ఎంత ప్రచారంలో ఉన్నా, అది సగమే నిజం. 1931లో హిగిన్స్, ఆండర్సన్ అనే అమెరికన్ పరిశోధకులు ఎలుక కాలేయంలో మూడింట రెండు వంతులు తొలగించినప్పుడు, తీసేసిన తమ్మెలు తిరిగి రాలేదు. మిగిలిన తమ్మెలే పెరిగి, వారం పది రోజుల్లో పోయిన బరువును ఇంచుమించు పూరించాయి. మామూలుగా విభజన జోలికి పోని హెపటోసైట్లు, అంటే కాలేయపు పనిలో అధిక భాగాన్ని మోసే ప్రధాన కణాలు, ఆ కోతతో ఒక్కసారిగా మేల్కొని, ఎలుకలో 24 గంటలు తిరిగేసరికి డీఎన్‌ఏకు నకలు తీయడంలో తలమునకలవుతాయి. రెండు ఎలుకల రక్తప్రసరణను కలిపి ఒకదాని కాలేయాన్ని కోస్తే రెండవదాని కాలేయంలోనూ ఆ నకలు తీసే పని పుంజుకుంటుందని 1967లో మూల్టెన్, బుచర్ చూపడంతో, మేల్కొలుపు సందేశం రక్తంలోనే ప్రయాణిస్తుందని తేలింది.

ఇంత చురుకైన కణాన్ని బయట పెంచడం సులువే అనిపిస్తుంది గాని, జరిగేది వేరు. కణాలను పట్టి ఉంచే కొల్లాజన్ అల్లికను కరిగించే ఎంజైమును కాలేయపు రక్తనాళాల గుండా పారించి, విడివడిన కణాలను పోషకద్రవంలో పళ్ళెం మీద పరిస్తే, అవి అతుక్కుంటాయి. కానీ కొద్ది రోజుల్లోనే ఆకారం చదునై, మందులను రూపుమార్చే సైటోక్రోమ్ ఎంజైములు తగ్గిపోయి, పేరుకు మాత్రమే కాలేయ కణాలుగా మిగులుతాయి. కాలేయపు కణితి నుంచి వచ్చిన హెప్‌జీ2 కణశ్రేణి ఎడతెగకుండా పెరిగేదే అయినా, దానిలోనూ ఈ ఎంజైములు బొత్తిగా తక్కువ. మోతాదు మించిన పారాసిటమాల్ విషయంలో కాలేయాన్ని దెబ్బతీసేది ఆ మందు నేరుగా కాదు, ఈ ఎంజైములు దాన్ని మార్చగా పుట్టే పదార్థం. కాబట్టి అలాంటి కణాల మీద పరీక్షించి ఒక మందు నిరపాయకరమనడం, నిప్పు లేని పొయ్యి మీద గిన్నె పెట్టి అది మాడదని హామీ ఇవ్వడమే.

కణానికి ఇరుగుపొరుగును సమకూర్చడమే దీనికి విరుగుడని 2013లో జపాన్‌లోని యోకొహామాలో తకెబె బృందం నిరూపించింది. మూలకణాల నుంచి రూపొందించిన తొలిదశ మానవ కాలేయ కణాలను, రక్తనాళాల లోపొర కణాలతోను, ఆధార కణజాలపు మూలకణాలతోను కలిపి పెంచితే, అవి వాటంతటవే ముద్దకట్టి కాలేయపు మొగ్గలయ్యాయి. ఎలుకలో నాటినప్పుడు వాటిలో రక్తం పారింది. ఇవి మందుల పరీక్షకు పనికొచ్చే అపురూపమైన సాధనాలే గాని, మిల్లీమీటర్లలో కొలిచే ఈ మొగ్గల వార్తకు “ప్రయోగశాలలో కాలేయం” అని శీర్షిక పెట్టడం రోగుల ఆశతో ఆడుకోవడమే.

నిజానికి అవయవం మొత్తాన్ని తయారుచేయడం కన్నా, దెబ్బతిన్న కాలేయం తనంతట తాను కోలుకునేదాకా బయటి కణాలతో గడువు సంపాదించడమే సాధ్యమైన మార్గంగా కనిపిస్తుంది. హైదరాబాదు వైద్యుడు హబీబుల్లా బృందం, కాలేయం హఠాత్తుగా విఫలమైన కొందరు రోగుల ఉదరకుహరంలోకి పిండదశ కాలేయ కణాలను ఎక్కించి, ఆ అనుభవాన్ని 1994లోనే ప్రకటించింది. తెలుగు నేల మీద జరిగిన ఆ ప్రయత్నానికి దక్కవలసిన చర్చ దక్కలేదు.

అయితే కాలేయం మచ్చకట్టి గట్టిపడే సిర్రోసిస్‌లో ఈ ఉపాయం కూడా అంత తేలికగా పారదు. అక్కడ కణాలు విభజన చెందుతూనే ఉంటాయి. కానీ మచ్చకట్టిన పీచు కణజాలం వాటిని ముడులు ముడులుగా బంధించి, రక్తం పారే దారులనే మార్చేస్తుంది. కొత్తగా ఎక్కించిన కణాలు చేరేదీ ఆ మచ్చల నడుమకే కనుక, వ్యాధి ముదిరిన రోగికి నేటికీ కాలేయ మార్పిడే దిక్కు. మన దేశంలో అది ఎక్కువగా బతికున్న బంధువు కోసి ఇచ్చే తమ్మె మీదే ఆధారపడి ఉంది.