కంపెనీ సొమ్మునకు ఖాతా, ఖాతాకు కాపలా

మన సహకార సంఘముల సభ్యులలో ననేకులు నేడు రైతు ఉత్పత్తిదారుల కంపెనీలలోను వాటాదారులై యున్నారు. 2020 ఫిబ్రవరి 29వ తేదీన కేంద్ర ప్రభుత్వము పదివేల రైతు ఉత్పత్తిదారుల సంస్థలను స్థాపించు పథకమును ప్రారంభించిన పిమ్మట ఇట్టి కంపెనీలు మన ప్రాంతములలో విరివిగా వెలసినవి. సర్వసభ్య సమావేశములలో వాటా యెంత, ఎరువుల దుకాణ మెచ్చట, ధాన్యమున కేమి ధర యని గంటలకొలది చర్చ జరుగుచున్నది. కాని కంపెనీ సొమ్ము ఏ బ్యాంకులో, ఏ విధమైన ఖాతాలో నున్నది, దానిని కదలించు నధికార మెవ్వరిది, కంపెనీ పేరిట వచ్చిన కార్డు ఎవ్వరి జేబులో నున్నది యని ప్రశ్నించువారు మిక్కిలి యరుదు. ఈ ప్రశ్నలే ముందు రావలసినవని మా యభిప్రాయము. ఖాతాను ఎన్నుకొనుట యనగా సభ్యుల సొమ్మును కదలించు చేతులను, దానిని కనిపెట్టియుండు కన్నులను ఎన్నుకొనుట.

సంఘము వేఱు, కంపెనీ వేఱు. సంఘమునకు కార్యదర్శి, సహకార శాఖవారి తనిఖీ, జిల్లా కేంద్ర సహకార బ్యాంకు మనకు తరతరములుగా పరిచితములు. ఉత్పత్తిదారుల కంపెనీకి 2003 నుండి కంపెనీల చట్టములో ప్రత్యేక స్థానము కలిగినది. 2020 నాటి సవరణతో ఆ నియమములు 2013 చట్టములో చేరినవి. కనీసము పదిమంది ఉత్పత్తిదారులు కలిసి దీనిని స్థాపింపవచ్చును. డైరెక్టర్లు అయిదుగురికి తగ్గక, పదునైదుగురికి మించక యుండవలెను. సభ్యుడు కాని పూర్తికాలపు ముఖ్య కార్యనిర్వహణాధికారి యొక డుండవలెను. బ్యాంకు ఖాతాలు నడపు నధికారమును చట్ట మా యధికారికే యిచ్చినది గాని, బోర్డువారి యామోదమునకు లోబడి యిచ్చినది. సభ్యుల రక్షణ యంతయు ఈ 'లోబడి' యను మాటలోనే యున్నది. బోర్డువారు తమ తీర్మానములో హద్దు లేమియు వ్రాయకున్నచో ఆ రక్షణ వ్యర్థమగును.

మొదటి ఖాతా తఱచు తొందరలో పుట్టుచున్నది. 2020 ఫిబ్రవరి నుండి క్రొత్త కంపెనీ నమోదు దరఖాస్తుతోడనే బ్యాంకు ఖాతాకును దరఖాస్తు పెట్టవలసి వచ్చినది. ఆ పత్రమును పట్టణములో లెక్కలు చూచువారు నింపుదురు. బ్యాంకు పేరును సాధారణముగా వారే సూచింతురు. నమోదైన 180 దినములలో వాటా సొమ్ము చెల్లింపబడినదని ప్రకటన దాఖలు చేయవలసి యుండుటచే అప్పు డెవ్వరికిని విచారించు తీరిక యుండదు. ఇందు దోషము లేదు. అయితే ఆనాడు తెఱచిన ఖాతాయే శాశ్వతమని బోర్డువారు తలంపరాదు. మొదటి సంవత్సరపు లెక్కలు ముగిసిన తోడనే, ఆ ఖాతా మన వ్యాపారమునకు సరిపడునా యని కూర్చుండి లెక్క వేయవలెను.

వ్యాపార కంపెనీ పేరిట పొదుపు ఖాతా తెఱచుటకు రిజర్వు బ్యాంకు నియమము లొప్పవు. కరెంటు ఖాతాయే తెఱవవలెను. దానిపై వడ్డీ రాదు. 'అట్లయిన అధ్యక్షులవారి సొంత పొదుపు ఖాతాలో నుంచినచో వడ్డీయైనను వచ్చును గదా' యని కొంద రందురు. ఇది మిక్కిలి ప్రమాదకరమైన సలహా. బ్యాంకు పుస్తకములో ఆ సొమ్ము ఆయన సొమ్ముగానే కనబడును. ఆయనకు అప్పిచ్చినవారు దానిపై కన్ను వేయవచ్చును. ఆయన కాలము చేసినచో అది వారసుల వ్యవహారములో చిక్కుకొనును. దుకాణపు బల్లమీద నుంచు క్యూఆర్ పలకకును ఇదియే నియమము. అది కంపెనీ ఖాతాదే కావలెను గాని గుమాస్తా ఖాతాది కారాదు. యు.పి.ఐ. చెల్లింపులపైనను, రూపే డెబిట్ కార్డులపైనను వర్తకుడు బ్యాంకున కీయవలసిన రుసుము 2020 జనవరి 1 నుండి తొలగింపబడినది గనుక ఖర్చను సాకును చెల్లదు.

పైరుల ప్రదర్శన క్షేత్రములలో పనిచేయు మేము, నేలను చూడక విత్తనమును కొనవద్దని రైతులకు నిత్యము చెప్పుచుందుము. ఖాతాకును ఆ మాటయే చెల్లును. ముందుగా కంపెనీ సంవత్సరమును చూడుడు. విత్తనములు, ఎరువులు అమ్ము జ్యేష్ఠాషాఢములలో దినదినము చిల్లర నగదు జమ యగును. ధాన్యము కొను మార్గశిర పుష్యములలో లక్షలు వచ్చి లక్షలు పోవును. తక్కిన నెలలలో ఖాతా వేసవి చెరువువలె నడుగంటును. బ్యాంకువారు కనీస నిలువను నెల సరాసరిగా చూతురా, మూడు నెలల సరాసరిగా చూతురా? నెలకెంత నగదు ఉచితముగా జమ కట్టనిత్తురు? చెక్కు పుస్తకమునకు, నెఫ్టుకు, ఆర్.టి.జి.ఎస్.కు రుసుము లెంత? ఈ పట్టికను అడిగి తెచ్చి, గడచిన పండ్రెండు నెలల లావాదేవీల ప్రక్కన పెట్టి చూడవలెను.

ఒక ఉదాహరణము చూతము. ఒక ఖాతాకు 10,000 రూపాయల నిలువ చాలును గాని సేవలకు ఏటికి 4,000 రూపాయల రుసుము పడుననుకొందము. మఱియొక ఖాతాకు లక్ష రూపాయల నిలువ కావలెను. సేవ లన్నియు నుచితము. నూటికి ఏటికి 10 రూపాయల వడ్డీపై అప్పు తెచ్చిన కంపెనీ, అదనపు 90,000 రూపాయలను వడ్డీలేని ఖాతాలో బంధించినచో ఏటికి 9,000 రూపాయలు నష్టపోవును. అనగా ఉచితమన్న ఖాతాయే 5,000 రూపాయలు ప్రియము. దుకాణము పెరిగి, మొదటి ఖాతాలో నగదు జమ రుసుములే 15,000 రూపాయలకు చేరినచో లెక్క తారుమారగును. కాబట్టి మనకు తగిన ఖాతా యేదో బ్యాంకువారి ప్రకటనలు చెప్పజాలవు. మన చిట్టా ఆవర్జాలు చెప్పును.

చవక తరువాత భద్రత. బ్యాంకు మూతపడినచో, 2020 ఫిబ్రవరి 4 నుండి డిపాజిట్ భీమా సంస్థ యొక్కొక్క డిపాజిటుదారునకు, ఒక్కొక్క బ్యాంకులో, అసలు వడ్డీ కలిపి 5 లక్షల రూపాయలవఱకు హామీ యిచ్చుచున్నది, అంతకుముందది లక్షయే. ఒకే బ్యాంకులో ఎన్ని శాఖలయందు దాచినను అన్నియు నొక్కటిగానే లెక్కింతురు. మున్నూరు కుటుంబముల సొమ్మైనను కంపెనీ యొక్క డిపాజిటుదారుడే గాని మున్నూరుగురు కారు. జిల్లా కేంద్ర సహకార బ్యాంకులోని డిపాజిట్ల కీ భీమా కలదు. గ్రామ ప్రాథమిక సంఘములోని వానికి లేదు. 2019 సెప్టెంబరు 23న పంజాబు మహారాష్ట్ర సహకార బ్యాంకుపై ఆంక్షలు విధించినప్పుడు తొలుత ఖాతాకు వేయి రూపాయలు మాత్రమే తీయనిచ్చిరి. 2020 మార్చి 5న యెస్ బ్యాంకులో 50,000 రూపాయల హద్దు పెట్టిరి. రెండవది కొలది దినములలోనే తొలగినను, అట్టి దినములు కొనుగోలు కాలములో వచ్చినచో కళ్లములోని ధాన్యమునకు సొమ్ము చెల్లించుట యెట్లు?

అందుచే రెండు బ్యాంకులలో రెండు ఖాతాలుండుట మేలని మేము తలంచుచున్నాము. దగ్గఱి బ్యాంకులోనిది వర్తకమునకు. రెండవ బ్యాంకులోనిది వాటా ధనమునకు, నిధులకు, నిలిపియుంచిన ధరకు. పంట తెచ్చిన సభ్యునకు ధరలో కొంత ముందు చెల్లించి, కొంత నిలిపి తరువాత చెల్లించుటకు ఉత్పత్తిదారుల కంపెనీకి చట్టములో వీలున్నది. ఆ నిలిపిన ధర సభ్యునికి ముట్టవలసిన సొమ్ము. అది ఎరువుల బాకీలలో కలిసి కరగిపోరాదు. వెంటనే యక్కఱలేని మొత్తమును కొద్దికాలపు ఫిక్సెడ్ డిపాజిట్లలో వేసినచో వడ్డీయును వచ్చును.

ఇక చేతుల మాట. ఏ చెల్లింపైనను ఇద్దఱి సమ్మతి లేక కదలరాదు: ఒకరు కార్యనిర్వహణాధికారి, రెండవవారు బోర్డు నియమించిన డైరెక్టరు. 'కొనుగోలు దినములలో రెండవ సంతకమునకై తిరుగుచు కూర్చున్నచో రైతులు దళారివద్దకు పోవుదు'రని యాక్షేపింతురు. చెక్కుల కాలములో నీ యాక్షేపణకు బలముండెను. నేడు చాల బ్యాంకులు కంపెనీలకు ఇంటర్నెట్టు ద్వారా నడపు ఖాతాలలో, ఒకరు చెల్లింపును నమోదు చేయగా మఱియొకరు తమ ఊరినుండియే ఆమోదించు నేర్పాటు చేయుచున్నవి. ఆ సౌకర్యము లేని బ్యాంకు, గుమ్మము ప్రక్కనే యున్నను మనకు దూరమే. 'మాపై నమ్మకము లేదా' యని కొంద ఱధికారులు నొచ్చుకొందురు. రెండవ యామోదము సభ్యుల కెంత రక్షణయో, నిజాయితీపరుడైన యధికారికి అంత రక్షణ. అపవాదు వచ్చిన నాడు ఆయనకు సాక్షి యదియే.

కార్డు విషయమున మఱింత జాగ్రత్త వలయును. కార్డు స్వభావముచేతనే ఒంటిచేతి పనిముట్టు. ఎవ్వరిచేత నున్న వారిదే సమ్మతి. ఇద్దఱి యామోదముగల పెద్ద ఖాతాకు డెబిట్ కార్డు తగిలించుట, తలుపునకు రెండు తాళములు వేసి గోడకు కన్నము విడిచినట్లగును. డీజిలునకు, ప్రయాణమునకు, దరఖాస్తు రుసుములకు కార్డు కావలెనన్నచో వేఱుగా చిన్న ఖాతా తెఱచి, నెలకు పదివేలో పదునైదువేలో అందు వేసి, దానికే కార్డు తీసికొనవలెను. లేదా ముందుగా సొమ్ము నింపు ప్రీపెయిడ్ కార్డు తీసికొనవచ్చును. నెలాఖరున రసీదులు చూపిన తరువాతనే మరల నింపవలెను. రిజర్వు బ్యాంకు 2020 జనవరి 15 నాటి యుత్తరువు మేరకు క్రొత్త కార్డులు దేశములోని ఏటీఎములలోను దుకాణపు యంత్రములలోను మాత్రమే పనిచేయునట్లు వచ్చును. తక్కిన సౌకర్యములను మనమే తెఱచుకొని, హద్దులు పెట్టుకొనవచ్చును. అక్కఱలేనిదానిని తెఱవకుడు.

క్రెడిట్ కార్డును చిన్న కంపెనీలు తీసికొనవద్దనియే మా సలహా. గడువులోపల పూర్తి బాకీ తీర్చినవారికి అది కొన్నిదినముల వడ్డీలేని యప్పు, నిజమే. కాని మన రాబడి నెలనెల వచ్చునది కాదు, పంటకు వచ్చునది. గడువు తప్పినచో అనేక కార్డులపై నెలకు నూటికి మూడు రూపాయలకు పైబడిన వడ్డీ పడును. పల్లెలో రెండు రూపాయల వడ్డీ యనినచో అది యేటికి 24 అని గుండె బాదుకొందుము. మూడున్నర యనినచో ఏటికి 42. ఆ కార్డుపై నగదు తీసినచో సాధారణముగా మొదటి దినమునుండియే వడ్డీ నడచును. పెట్టుబడికి అప్పు కావలసినచో బోర్డు తీర్మానముతో బ్యాంకు నడిగి తెచ్చుకొనుట మేలు.

బ్యాంకుల పేరులును మారుచున్నవి. 1923లో డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో లీనమైనది. 2025 మే 1న ఆంధ్రప్రదేశములోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒక్కటైనవి. ఇట్టి మార్పు జరిగినప్పుడు ఐ.ఎఫ్.ఎస్. సంకేతము మారినదేమో విచారించి బిల్లులపై దిద్దవలెను. నెఫ్టు, ఆర్.టి.జి.ఎస్. ద్వారా పంపుటకు ముందు సొమ్ము పుచ్చుకొనువారి పేరును సరిచూచు సౌకర్యమును బ్యాంకులు 2025 ఏప్రిల్ 1 నాటికి కల్పింపవలెనని రిజర్వు బ్యాంకు విధించినది. దానిని తప్పక వాడుడు. మోసము జరిగినచో ఆ దినమే బ్యాంకునకును, 1930 సంఖ్యకును తెలుపవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము తిరిగి వచ్చు నాశ తగ్గును.

రాబోవు సర్వసభ్య సమావేశములో సభ్యులు ఈ నాలుగింటిని అడుగవలెనని మా మనవి: ఖాతాలెన్ని, ఏ బ్యాంకులలో? చెల్లింపును ఆమోదించు నిద్దఱు ఎవరు? కార్డు ఎవ్వరియొద్ద, ఎంత హద్దుతో నున్నది? నెలనెల బ్యాంకు పట్టీని కంపెనీ ఆవర్జాతో సరిచూచువారు ఎవరు? ఉత్తరములు నోటిమాటగా గాక, తీర్మానముల పుస్తకములోనుండి చదివి వినిపింపవలెను. ఆ పుస్తకములో లేనిచో ఆనాడే వ్రాయింపవలెను. వాటాకు చెల్లించిన సొమ్ము మన చెమటనుండి వచ్చినది. దానికి కాపలా యెవరో తెలిసికొనుట మన హక్కు మాత్రమే కాదు, మన పని.