తుది యెరుగని కథలు

కథ చెప్పబూనినవాడు దాని తుది నెరిగియుండవలెను. హరిదాసు గజ్జె కట్టునప్పుడే మంగళ మెక్కడ పాడవలెనో యెరుగును. నేటి టెలివిజన్ ధారావాహికల నిర్మాతలలో పలువురకు ఈ నియమము పట్టదు. వారము వారము వెలువడు ప్రేక్షకాదరణపు లెక్క పెరిగినచో కథను సాగదీయుదురు. తరిగినచో చచ్చిన పాత్రను బ్రతికింతురు.

నటులు మానివేయుదురు, ప్రేక్షకుల అభిరుచి మారును, ఏండ్ల తరబడి సాగు కథకు ముందుగా ప్రణాళిక యెట్లు సాధ్యమని వారి వాదము. కష్టము నిజమే, సాకు మాత్రము చెల్లదు. అమెరికాలో స్ట్రాజిన్‌స్కీ ‘బాబిలోన్ 5’ను అయిదేండ్ల కథగా ముందే సంకల్పించెను. మొదటి యేడు ముగియగనే నాయకపాత్రధారి వైదొలగెను. అట్టి చిక్కులకు రచయిత ముందే దారి యోచించియుంచుటచే కథ నిలిచినది. 110 భాగములతో 1998లో ముగిసినది. ‘లాస్ట్’ రచయితలు ముగింపు గడువును తామే కోరి 2007లో సాధించుకొనిరి. 2010లో కథ ముగించిరి.

తుది తెలిసినచో రక్తి తగ్గునందురా? 1988 నుండి 1990 వరకు దూరదర్శన్‌లో ‘మహాభారత్’ 94 భాగములు ప్రసారమయ్యెను. కౌరవుల గతి యెరుగనివా రెవ్వరు? అయినను ఆదివారము ఉదయమున వీధులు నిర్మానుష్యము లయ్యెను.

తెలుగు రాష్ట్రములకు వెలుపల నున్న మనకు ఇది అల్పవిషయము కాదు. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో చదువు మన బిడ్డలకు సాయంకాలము చెవినిబడు తెలుగు ఈ ధారావాహికలదే. ఒక్క అలుకను ఆరు నెలలు సాగదీయు కథ మాటలను గూడ అరగదీయును. చెప్పవలసినది లేని చోట భాష యెట్లు వికసించును?

నిర్మాతలను మేము కోరునది యొక్కటే: మొదటి భాగమును తీయుటకు ముందు చివరి భాగమును వ్రాయుడు.