ఎంపికయూ ఒక కళయే

"మాట లేని పాట మనస్సుకేమి చెప్పగలదు?" అని పెద్దలు కొందరు ప్రశ్నిస్తుంటారు. విద్యార్థులేమో 'ఆంబియంట్', 'చిల్ అవుట్' అని పేరుగన్న అట్టి సంగీతాన్ని చదువు వేళ మ్రోగనిచ్చి, విననే వినరు. ఇరువురూ దాని విలువను గుర్తించడం లేదని మా అభిప్రాయం.

స్పెయిన్ దేశపు ఇబీజా ద్వీపంలో 1980లో సముద్రపుటొడ్డున 'కఫే దెల్ మార్' వెలసింది. అచ్చట సూర్యాస్తమయాన్ని తిలకించ వచ్చేవారికి హోసే పదీయా మందగతి గల రికార్డులను ఏరి వినిపించేవాడు. ఆ ఎంపికలే 1994 నుండి ఆల్బములుగా వెలువడి దేశదేశాల ఆదరణ పొందాయి. వాటిలోని బాణీలు అనేకుల సృష్టి. ఏది ముందు, ఏది వెనుక అన్న వివేకం మాత్రం కూర్చినవానిది. ఉర్దూ రసికులు నచ్చిన షేర్లను వ్రాసుకొనే బయాజ్, ముద్దుకృష్ణ కూర్చిన 'వైతాళికులు' కూడా ఇట్టివే కదా!

నేడు యంత్రమే పాటలను ఏరి అంతులేకుండా వినిపిస్తున్నది. అందులో విశ్రాంతి కలదేమో గాని, ఒక మనిషి అభిరుచితో పరిచయం లేదు. కావున విద్యార్థి మిత్రులారా! వారానికొక సాయంత్రం పుస్తకం మూసి, ఒక్క ఆల్బమును మొదటినుండి తుదివరకు వినండి. వినే ఓర్పు గలవారికి చదివే ఓర్పు కూడా అలవడగలదని మా విశ్వాసం.