నాలుగు కప్పులు గెలిచినా నిలవని జట్టు

తెలుగు గోడపత్రికలో బాస్కెట్‌బాల్ గోలేమిటి అంటారేమో! ఆడవాళ్ల ఆట గురించి ఆడపిల్లల కాలేజీలో మాట్లాడుకోకపోతే ఇంకెక్కడ మాట్లాడుకుంటాం?

అమెరికాలో మగవాళ్ల బాస్కెట్‌బాల్ లీగ్ 1946లోనే మొదలైంది. ఆడవాళ్ల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో మొదటి మ్యాచ్ జరిగింది 1997లో. అప్పుడు ఉన్నవి ఎనిమిదే జట్లు. వాటిలో హ్యూస్టన్ కామెట్స్ ఒకటి. 1997 నుంచి 2000 దాకా వరసగా నాలుగేళ్లూ కప్పు వాళ్లదే. 1998లో అయితే లీగ్ దశలో 30 మ్యాచ్‌లు ఆడి 27 గెలిచారు.

అలా గెలిపించిన వాళ్లెవరో చూడండి. సింథియా కూపర్‌కి అప్పుడు 34 ఏళ్లు. కాలేజీ చదువు అయ్యాక సొంత దేశంలో ఆడే చోటు లేక దాదాపు పదేళ్లు స్పెయిన్‌లో, ఇటలీలో ఆడింది. చాలామంది ఆట మానేసే వయసులో సొంతగడ్డ మీదకొచ్చి, మొదటి రెండేళ్లూ లీగ్‌లో ఉత్తమ క్రీడాకారిణి అయింది. షెరిల్ స్వూప్స్ మొదటి సీజన్ మొదలైన వారంలోనే బిడ్డను కన్నది. ఆరు వారాలకే మళ్లీ కోర్టులో దిగింది. కిమ్ పెరోట్ ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. డ్రాఫ్ట్‌లో ఆమెను ఏ జట్టూ తీసుకోలేదు. అయినా సెలెక్షన్స్‌కి వచ్చి జట్టులో చోటు సంపాదించుకుంది. 1999 ఆగస్టులో, 32 ఏళ్లకే, క్యాన్సర్‌తో పోయింది. మూడు వారాలు తిరక్కుండానే ఆమె పేరు తలుచుకుంటూ జట్టు మూడో కప్పు గెలిచింది.

ఇంత చరిత్ర ఉన్న జట్టు 2008లో మూతపడింది. కొనేవాళ్లు దొరకలేదట!

పెద్ద క్రీడాకారిణులు రిటైరయ్యారు, 2000 తర్వాత కప్పు రాలేదు, ఇక జనం ఎందుకొస్తారు అని కొందరంటారు. అందులో కొంత నిజముంది. కానీ మగవాళ్ల లీగ్‌లో ఏళ్ల తరబడి ఓడిపోయే జట్లు లేవా? అవి చేతులు మారతాయి, ఊళ్లు మారతాయి. 1954 తర్వాత అక్కడ ఒక్క జట్టు కూడా మూతపడలేదు. ఓడినా భరించే డబ్బు, ఓడినా వచ్చి కూర్చునే జనం వాళ్లకున్నారు. కామెట్స్‌ని మాత్రం గెలిచినన్నాళ్లే చూశారు. అంటే ఆడవాళ్ల జట్టు బతకాలంటే ఎప్పుడూ గెలుస్తూనే ఉండాలన్నమాట. ఇదేం న్యాయం?

అందుకే నాకనిపిస్తుంది, గెలుపు ఒక్కటే ఏ జట్టునూ కాపాడదు. చూసేవాళ్లు కావాలి. డబ్బు పెట్టడం మన చేతుల్లో లేకపోవచ్చు, వెళ్లి కూర్చోవడం మన చేతుల్లో ఉన్నదే కదా. మన కాలేజీ జట్టు ఆడేటప్పుడు గట్టు మీద మనుషులకంటే బ్యాగులే ఎక్కువ కనిపిస్తాయి. కప్పు తెచ్చిన రోజున మాత్రం ఫోటోకి అందరం నిలబడతాం. మన బస్సుకి ఎలాగూ టైముంటుంది. ఆ అరగంట కోర్టు దగ్గర కూర్చుందాం. వాళ్లు ఓడిపోతున్న రోజున ఇంకాస్త గట్టిగా చప్పట్లు కొడదాం. టీచర్లు కూడా వస్తే ఇంకా బాగుంటుంది.